మొహమాటానికి ఇద్దరు వకీళ్ళు

2016వ సంవత్సరం మార్చి ఎనిమిదవ తేదీ, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. క్లఫ్‌డెన్ ఊరి మీద ముందురోజు సాయంత్రం పట్టుకున్న తుంపర ఇంకా విడవలేదు. గొడుగు విప్పితే నలుగురూ నవ్వేటంత సన్నని తుంపర. విప్పకపోతే మెడ వెనకనుంచి నడుందాకా దిగేటంత పట్టుదల గల తుంపర. ఆ వేళకు ఉన్నిదారాల కొట్టు పక్కనున్న ఇరుకు మెట్లెక్కి, మ్యూరియల్ క్రాబ్‌ట్రీ అనే దస్తావేజుల వకీలు గది ముందు నిలబడి, గేనర్ హెలివెల్ తాను చెప్పవలసిన మాటను మనసులో మరొకసారి వల్లె వేసుకుంది. "చాలా సంతోషమండీ, కానీ నాకు వకీలు కుదిరిపోయారు." అంతే. ఆ మాట చెప్పి, మెట్లు దిగి, పన్నెండున్నరకు డిపోలో బస్సెక్కాలని ఆమె సంకల్పం.

నలభై నిమిషాల తరువాత ఆమె మెట్లు దిగింది. అప్పటికి రెండు కప్పుల టీ తాగింది. అల్లం బిస్కట్లు మూడు తింది. గుర్తింపు కోసం సంచిలోని పాస్‌పోర్టు చూపించి, రెండు కాగితాల మీద సంతకాలు పెట్టింది. చెప్పవలసిన మాట మాత్రం ఎంత భద్రంగా పైకి వెళ్ళిందో అంత భద్రంగానూ ఆమెతో కిందికి దిగివచ్చింది.

గేనర్‌కు అప్పటికి నలభై మూడేళ్ళు. పందొమ్మిదేళ్ళుగా ఆ లోయలో బస్సు నడుపుతోంది. లోయ అడుగున కాలువ ఒడ్డునుంచి పైన గాలి తప్ప మరేమీ లేని మిట్టదాకా, రాతిగోడల నడుమ మెలికలు తిరిగే ఆ దారిలో ఎదురొచ్చిన లారీవాడిని ఒక్క చూపుతో అరమైలు వెనక్కి నడిపించగల మనిషి. తాగివచ్చి అల్లరి చేసేవాడిని జబ్బ పట్టి దింపగల మనిషి. కానీ ఎదుటివాళ్ళు పొయ్యిమీద కెటిల్ పెట్టారంటే మాత్రం ఆమె నోట "వద్దు" అన్న మాట వచ్చేది కాదు. స్నేహితురాలి ఇంట్లో మొట్టమొదట పెట్టిన కాలేయం కూరను బాగుందన్న పాపానికి, పదకొండేళ్ళుగా నెలనెలా అదే కూర తింటోంది. ఇది ఆమె ఒక్కదాని లోపమని చెప్పడానికి వీల్లేదు. ఆ లోయలో తరాల తరబడి మనుషులు ఒకరి కాలు ఒకరు తొక్కితే, తొక్కించుకున్నవారే ముందు క్షమాపణ చెప్పుకుంటూ వచ్చారు.

ఆమెకు ఇల్లు కావలసి వచ్చిన కారణం వేరు. గేనర్ ఊరి బ్యాండు మేళంలో యూఫోనియం వాయించేది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఊదవలసిన పెద్ద ఇత్తడి బూర అది. చంటిబిడ్డంత బరువు, గంభీరమైన గొంతు. మేళంలో వాయిస్తే ఊరంతా చప్పట్లు కొట్టేవారు. ఇంట్లో సాధన చేస్తే మాత్రం మర్నాటికి తలుపుకింద చీటీ ఉండేది. ‘మీకు ఇబ్బంది లేకపోతేనే సుమా, కాస్త నెమ్మదిగా...’ అని మొదలయ్యే ఆ చీటీలు తొమ్మిది అద్దె ఇళ్ళలో తొమ్మిది రకాల దస్తూరీలతో వచ్చాయి. ఆమె ప్రతిసారీ క్షమించమని జవాబు రాసి, బూరను సంచిలో పెట్టేసి, కొన్నాళ్ళకు ఇల్లు మారేది. చివరికి డిపోలో బస్సులు కడిగేచోట, రెండు బస్సుల సందున స్టూలు వేసుకుని సాధన చేసేది. చలికాలంలో బూర మూతి పెదవులకు అతుక్కుపోయేది.

అందువల్ల బ్యాంక్‌ఫుట్ అనే ఇళ్ళ వరుసలో పదకొండో నంబరు ఇల్లు అమ్మకానికి వచ్చిందని విని చూడబోయినప్పుడు, ఆమె వంటగదిని చూడలేదు, పొయ్యిని చూడలేదు. మేడమీద చివరనున్న చిన్న గదిలోకి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. పదకొండో నంబరుకూ, బేసి నంబర్లే ఉన్న ఆ వైపు పక్కిల్లయిన పదమూడో నంబరుకూ నడుమ, పెరళ్ళలోకి వెళ్ళడానికి కప్పుగల సందు ఒకటి ఉంది. ఆ సందుకు సరిగ్గా పైన ఉంది ఈ గది. కింద మనిషి లేడు. పైన ఆకాశం. ఒక పక్క సొంత మెట్లు, రెండో పక్క రెండడుగుల రాతిగోడ. గేనర్ ఒక్కసారి గొంతు సవరించుకుని, నోటితోనే ఒక లోతైన స్వరం పలికింది. గది ఆ స్వరాన్ని గుండ్రంగా చుట్టి తిరిగి ఆమె చేతికిచ్చినట్టయింది. ఇల్లు ఆమె అప్పుడే కొనేసింది, మిగిలినది కాగితాలే.

ఆ కాగితాల దగ్గరే వచ్చింది చిక్కు. ఇల్లు కొనేవారు హక్కు మార్పిడి చూసుకోవడానికి కన్వేయన్సర్ అనే దస్తావేజుల వకీలును తామే ఎంచుకోవాలి. మొదటిసారి కొనేవారికి ఆ ఎంపిక ఎలా చెయ్యాలో తెలియదు. గేనర్ తరఫున దానిని డారెన్ చేసేశాడు. డారెన్ ఇల్లు చూపించిన ఏజెంటు. మెరిసే బూట్లు వేసుకునే చురుకైన కుర్రవాడు.

"వకీలెవరైనా ఉన్నారా గేనర్?"

"ఇంకా లేరు. ఎవరినైనా కనుక్కుందామని—"

"కనుక్కునేదేముంది! లీడ్స్ నగరంలో మావాళ్ళున్నారుగా. పెద్ద సంస్థ. అంతా ఫోన్లోనే. మీరు కాలు కదపక్కర్లేదు. రాసేస్తున్నా మీ పేరు... రాసేశా. టీలోకి చక్కెర ఎన్ని చెంచాలు?"

"ఒకటి చాలు" అంది గేనర్. ఆమె వకీలు నియామకం ఆ మాటతో పూర్తయింది.

ఈ సంగతి తెలియని మేళం పెద్దాయన సోమవారం సాధనలో ఆమె భుజం తట్టి, "మ్యూరియల్‌తో మాట్లాడేశానమ్మా. రేపు పదకొండున్నరకు నీకోసం చూస్తుంటుంది. ఈ లోయలో ఆవిడ చెయ్యి పడని గడప లేదు" అన్నాడు. వద్దని అతనికి చెప్పలేక, ఆ వద్దేదో ఆవిడకే చెప్పుకుందామని వెళ్ళింది గేనర్.

మ్యూరియల్ క్రాబ్‌ట్రీకి అరవై నాలుగేళ్ళు. పొట్టి మనిషి, కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేలాడుతుండేది.

"కూర్చో తల్లీ, తడిసి ముద్దయ్యావు. ఆ కోటు ఇలా ఇవ్వు."

"ఎక్కువసేపు ఉండనండీ, ఒక్క మాట చెప్పి—"

"ఒక్క మాటకైనా కుర్చీ కావాలి కదా? కూర్చుంటే డబ్బేమీ తీసుకోను. సరే, ఇల్లెందుకు కొంటున్నావు?"

గేనర్ కుర్చీలో ముందుకు జరిగింది. ఎంతకు కొంటున్నావని డారెన్ అడిగాడు, బ్యాంకువారు అడిగారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆమె బూర సంగతి మొదలుపెట్టింది. తొమ్మిది చీటీల సంగతి చెప్పింది. సందు మీది గది దగ్గరికి వచ్చేసరికి చేతులు తిప్పుతూ చెప్పింది. మ్యూరియల్ కొత్త ఫైలు అట్ట తీసి, దాని మీద సిరాకలంతో గేనర్ పేరు రాసి, దాని కింద ‘పెద్ద బూర — సందు మీది గది’ అని రాసి గీత గీసింది. తన పేరు అంత అందంగా అట్ట మీద రాసి ఉండడం చూశాక, ఇక దాన్ని కొట్టెయ్యమని ఎలా చెబుతుంది?

ఆ విధంగా గేనర్ హెలివెల్‌కు ఒక ఇంటికి ఇద్దరు వకీళ్ళు కుదిరారు.

మార్చి గడిచింది. లీడ్స్‌నుంచి వారం వారం ఫోనుకు సందేశం వచ్చేది: ‘అభినందనలు! మీ పని నాలుగో మెట్టు దాటింది.’ కింద ఒకసారి ఎమిలీ అని, ఒకసారి జోష్ అని, ఒకసారి ఎవరి పేరూ లేకుండానూ. మ్యూరియల్‌నుంచి కాగితపు ఉత్తరాలు వచ్చేవి; వాటినిండా ప్రశ్నలు. పెరటిగోడ ఎవరు కట్టించారు? సందులో దీపం ఎవరిది? గేనర్ ఆ ప్రశ్నలకు జవాబులు రాస్తూనే, ఈ వారం ఆవిడకు నిజం చెప్పేస్తాను అనుకునేది. ఒకసారి మాట మెత్తబడడానికని స్వయంగా ఓట్‌పిండీ మొలాసిస్ అనే నల్లబెల్లపు పాకమూ వేసి కేకు చేసి పట్టుకెళ్ళింది. మ్యూరియల్ ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుని, "మా అమ్మ చేతి రుచి తల్లీ ఇది" అంది. గేనర్ ఖాళీ డబ్బాతో వెనక్కి వచ్చింది.

ఏప్రిల్ ఇరవయ్యో తేదీ బుధవారం మధ్యాహ్నం, వకీలు గది కిందున్న స్టాపులో బస్సాపితే మ్యూరియలే ఎక్కింది. టిక్కెట్టు తీసుకుంది, గేనర్ వైపు చూసి తలాడించింది. బస్సు నడిచేటప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదన్న బోర్డు చదువుకుని, మొదటి సీటులో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పదిహేడు స్టాపులు. గేనర్ అద్దంలో చూసినప్పుడల్లా ఆ కళ్ళజోడు తనవైపే తిరిగి ఉంది. మిట్టమీద చివరి స్టాపులో మిగిలినవారంతా దిగాక, ఇంజను ఆగాక, అప్పుడు లేచింది మ్యూరియల్.

"మొత్తం ఎంతమంది వకీళ్ళు కావాలమ్మా నీకు?"

గేనర్ చెవులదాకా ఎర్రబడింది. "ఎవరు చెప్పారండీ?"

"ఇల్లమ్మే ఆవిడ వకీలు పాపం ఉత్తరం రాశాడు. ‘మీ గేనర్ హెలివెలూ లీడ్స్ వాళ్ళ గేనర్ హెలివెలూ ఒక్కరేనా, లేక ఒకే పేరుగల ఇద్దరు ఒకే ఇంటికోసం పోటీ పడుతున్నారా’ అని."

"క్షమించండి. మొదటిరోజు చెబుదామనే వచ్చానండీ, నిజంగా."

"తెలుసు. తలుపు దగ్గరే తెలిసింది. వద్దని చెప్పడానికొచ్చినవాళ్ళు కోటు గుండీలు విప్పరు. నేనే లాక్కోవలసొచ్చింది నీ కోటు."

"తెలిసి మరి అడగలేదేం?"

"బాగానే ఉంది! ‘నన్ను వద్దనడానికొచ్చావా తల్లీ’ అని మొహంమీద ఎలా అడుగుతాను? నేను మాత్రం ఇక్కడ పుట్టినదాన్ని కాదూ?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు గేనర్‌కు నవ్వు వచ్చింది, తరువాత మ్యూరియల్‌కు. ఆ నవ్వు తగ్గాక మ్యూరియల్ సంచిలోంచి ఒక పటం తీసి డ్రైవరు సీటు పక్కన పరిచింది.

"నేను పని పట్టిన ఇల్లు స్వయంగా వెళ్ళి చూడందే సంతకం పెట్టనివ్వను. ఇప్పుడెవరూ అలా చెయ్యరు, నాకు పాత అలవాటు. మొన్న మీ వరుసంతా నడిచాను. సందు చూశాను, పైన గది చూశాను, వచ్చి రెండిళ్ళ పటాలూ తెప్పించాను. ఈ ఎర్రగీత పదకొండో నంబరు. ఎక్కడ ఆగింది?"

గేనర్ వేలు పెట్టి గీత వెంట నడిపింది. గీత మెట్ల గోడ దగ్గర ఆగింది. సందు బయట ఉండిపోయింది.

"సందు పదమూడో నంబరుది. నేల ఎవరిదో దాని మీద కట్టిందీ వాళ్ళదే అవుతుంది, వేరే కాగితం లేకపోతే. వెతికాను, లేదు. నువ్వు కొంటున్న ఇంట్లో నువ్వు కోరుకున్న ఆ ఒక్క గదీ తప్ప మిగతా అంతా ఉంది తల్లీ."

బయట గాలి బస్సు అద్దాలను కొట్టింది. గేనర్ ఆ గీత మీదినుంచి వేలు తియ్యలేదు.

"ఇంకో మాట. దీన్ని చూపించి నిన్ను నావైపు లాక్కున్నానని అనుకోకు. లీడ్స్‌వాళ్ళు కూడా చూసే ఉండొచ్చు. ఫోన్ చేసి ఒక్కటే అడుగు, సందు మీది గది ఎవరిదని. సరిగ్గా చెబితే వాళ్ళతోనే ఉండు. నా అట్ట మూసేస్తాను, నీమీద కోపం కూడా ఉండదు."

"నేను వాళ్ళతో ఉంటే మీకు నష్టం కదండీ?"

"కేకు ఎలాగూ తినేశాను" అని, కిందికి తిరిగి వెళ్ళే బస్సు ఇదే కనుక, మ్యూరియల్ మళ్ళీ పోయి మొదటి సీటులో కూర్చుంది.

గేనర్ మర్నాడు భోజనం వేళ డిపో బల్లమీద కూర్చుని ఫోన్ చేసింది. ఇరవై ఆరు నిమిషాలు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

"పదకొండో నంబరు కొంటున్నారు. పదకొండో నంబరు మీకే వస్తుందండీ."

"అందులో సందు మీద ఒక గదుంది. అది కూడా వస్తుందా?"

"గదులు మేము చూడమండీ. మేము చూసేది హక్కు."

"ఆ గది హక్కే అడుగుతున్నానమ్మా."

కాసేపు మీటలు నొక్కిన చప్పుడు. "మీ ప్రశ్న నమోదు చేశాను. కానీ, గేనర్, మీకొక శుభవార్త! మీ పని ఎనిమిదో మెట్టు మీదుంది. ఇవాళ సంతకం పంపిస్తే వచ్చే శుక్రవారానికి ఒప్పందం ఖాయమైపోతుంది."

వచ్చే శుక్రవారం! గేనర్ చేతిలో సాండ్‌విచ్ అలాగే ఉండిపోయింది. ఇల్లమ్మే మిసెస్ ఫర్త్ అప్పటికే సముద్రం ఒడ్డున చెల్లెలి దగ్గరికి చేరిపోయింది. మే నెలాఖరు సెలవులలోగా ఒప్పందం కాకపోతే ఇల్లు మళ్ళీ అమ్మకానికి పెడతానంది. వారాంతపు విడిదికి ఇల్లు వెతుక్కునే మాంచెస్టర్ దంపతులు తలుపు దగ్గరే కాచుకుని ఉన్నారు. సంతకం పెడితే తాళంచెవి చేతికొస్తుంది. మ్యూరియల్ దారిన వెళితే గది రాసివ్వమని పదమూడో నంబరులో ఉండే ముసలాయనను అడగాలి. ఆయన కాదంటే గదీ పోతుంది, గడువూ పోతుంది, ఇల్లే పోతుంది. గది తనది కాదన్న సంగతి ఇంతవరకు ఎవరికీ పట్టలేదు. ఇకముందు మాత్రం ఎవరికి పడుతుంది?

కానీ ఆమె కళ్ళముందు ఒక చీటీ కదలాడింది. ‘మీకు ఇబ్బంది లేకపోతేనే సుమా, ఆ గది మాది...’ పదో చీటీ. అది వచ్చిన రోజున వెళ్ళడానికి మరో అద్దె ఇల్లు కూడా ఉండదు.

"వద్దమ్మా" అంది గేనర్.

"సంతకం ఇవాళ వద్దా అండీ? రేపు పంపుతారా?"

"రేపూ వద్దు. మీరే వద్దు. అంటే నువ్వు కాదమ్మా, నువ్వు చాలా మంచిదానివి, సంస్థ. నాకు వేరే వకీలున్నారు. క్షమించు. మొదటే చెప్పాల్సింది. క్షమించు."

ఫోను పెట్టేసేసరికి ఆమె చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. మంచు పట్టిన లోయదారిలో బస్సు దింపినప్పుడు కూడా ఆమె అంతగా చెమర్చలేదు.

సాయంత్రానికల్లా డారెన్ స్టాపు దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"ఏం పని చేశారు గేనర్! ఎనిమిదో మెట్టు మీదున్నదాన్ని ఎవరైనా తోసేసుకుంటారా? పైగా ఆ ముసలాయన్ని అడుగుతారట! ముప్పై అయిదేళ్ళుగా ఎవరూ అడగలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన లేదంటే ఆ ఇల్లు ఇంకెవరూ కొనరు, తెలుసా?"

"తెలుసు డారెన్. ఎక్కుతావా, తలుపులు వేసెయ్యనా?"

ఆదివారం మధ్యాహ్నం, ఏప్రిల్ ఇరవై నాలుగున, తెరలు తెరలుగా ఎండ కాస్తుండగా ఆమె పదమూడో నంబరు తలుపు తట్టింది. వకీలు ఉత్తరం చూస్తే ముసలివాళ్ళు బెదిరిపోతారని, ముందు మనిషిగా వెళ్ళి పలకరించమని చెప్పింది మ్యూరియలే. "బూర సంగతి దాచకు. దాచి తెచ్చుకున్న సంతకం రేపు నిన్నే నిద్రపోనివ్వదు" అని కూడా హెచ్చరించింది.

వాల్టర్ సట్‌క్లిఫ్‌కు డెబ్బై తొమ్మిదేళ్ళు. తివాచీల మిల్లులో రంగులద్దే పని చేసి విరమించినవాడు. గేనర్ ఊపిరి తిప్పుకోకుండా చెప్పినదంతా గడపలోనే నిలబడి విన్నాడు.

"గది నాదని నాకు తెలుసమ్మాయ్. ఎనభై ఒకటిలో ఈ ఇల్లు కొన్నప్పుడే కాగితాల్లో చూశాను."

"ఎనభై ఒకటి! మరి ఇన్నేళ్ళూ మిసెస్ ఫర్త్‌కి చెప్పలేదా?"

"ఎలా చెబుతాను? నేను వచ్చేసరికే ఆవిడ ఆ గదికి పరదాలు కట్టేసుకుంది. పువ్వుల పరదాలు. కట్టుకున్నావిడ దగ్గరికెళ్ళి ఏమని చెబుతాను?"

నవ్వు ఆపుకోవడానికి గేనర్ పెదవి కొరుక్కుంది. "నేను కూడా ఒకటి చెప్పాలండీ. ఆ గదిలో నేను బూర వాయిస్తాను. రోజూ. పెద్దది."

ముసలాయన ముఖం ముడుచుకుంది. "ఏ బూర?"

"యూఫోనియం."

"ఆ కీచుమనే చిన్న బూర, కార్నెట్ కాదు కదా?"

"కాదండీ."

"మా బావమరిది కార్నెట్ వాయించేవాడు. పళ్ళు జిల్లుమనేవి. యూఫోనియం అయితే పరవాలేదు. మనిషి గొంతులా ఉంటుంది." కాసేపు ఆలోచించాడు. "ఆదివారం తొమ్మిదిలోపు వద్దు."

"పదిలోపు ముట్టను."

"గదేం చేసుకుంటాను, నా ఇంట్లోంచి దానికి దారే లేదు. రాసిచ్చేస్తా. కానీ అమ్మాయ్..." ఇక్కడ వాల్టర్ గొంతు తగ్గించి వీధి అటూ ఇటూ చూశాడు, "ఆ గది చూరుకింద వాననీళ్ళు పట్టి పారించే నీటి తొట్టి పగిలింది. వాన పడితే ధార సరిగ్గా నా పెరటి గుమ్మంలో, నా మెడమీద పడుతుంది. ఎనభై మూడునుంచీ."

"ముప్పై మూడేళ్ళా! బాగుచెయ్యమని అడగకపోయారా?"

"తొట్టి సంగతెత్తితే గది ఎవరిదన్న మాట వస్తుంది. గది మాట వస్తే పరదాల దాకా పోతుంది. ఎందుకొచ్చిన గొడవని టోపీ పెట్టుకుని వెళ్ళేవాణ్ణి."

ఈసారి గేనర్ నవ్వు ఆపుకోలేకపోయింది. వాల్టర్ కొంచెం నొచ్చుకున్నట్టు చూసి, చూస్తూ చూస్తూ తానూ నవ్వేశాడు. "లోపలికి రా. కెటిల్ పెడతాను" అన్నాడు.

"కాలేయం కూర మాత్రం వద్దండీ" అంది గేనర్, ఎందుకన్నదో తనకే తెలియకుండా.

"నాకూ పడదు" అన్నాడు వాల్టర్.

మ్యూరియల్ మూడు వారాలు ఆ దస్తావేజు ముందేసుకుని కూర్చుంది. గదీ దాని పైకప్పూ పదకొండో నంబరుకు. సందూ దాని నేలా పదమూడుకు. కింది గోడలు గదిని మోస్తూ ఉండాలి, పై కప్పు సందును తడవకుండా కాయాలి. మరమ్మతుకు నిచ్చెన వేసుకోవడానికి ఒకరి నేల మీదికి ఒకరు రావచ్చు. నీటి తొట్టికి విడిగా ఒక పేరా రాసింది. ముందు వాల్టర్ గదిని మిసెస్ ఫర్త్‌కు రాసివ్వాలి, ఆవిడ ఇంటితో కలిపి గేనర్‌కు అమ్మాలి. మిసెస్ ఫర్త్‌కు ఆమె వకీలు ఫోన్ చేసి ఆ మాట చెప్పాడు. "వాన పడ్డప్పుడల్లా వాల్టర్ తలెత్తి నా గది వైపు కోపంగా చూస్తుంటే, నా పరదాలు నచ్చలేదనుకున్నాను. రెండుసార్లు మార్చాను కూడా" అందట ఆవిడ. అప్పిచ్చే బ్యాంకువారు తమ తరఫున కాగితాలు మరొకసారి చూడాలన్నారు. ఆ చూపుకే తొమ్మిది రోజులు పట్టింది. మాంచెస్టర్ దంపతులు ఇల్లు మళ్ళీ వచ్చి చూసి వెళ్ళారు. గేనర్ ఆ రోజుల్లో సాధన మానేసింది.

సెలవులకు ముందు చివరి పనిరోజు మే ఇరవై ఏడు, శుక్రవారం. మధ్యాహ్నం నాలుగూ పదికి గేనర్ బస్సు ఉన్నిదారాల కొట్టు ముందు ఆగింది. స్టాపులో మ్యూరియల్ ఒక్కతే నిలబడి ఉంది. కోటు లేదు, ఉన్నపళంగా మెట్లు దిగి వచ్చినట్టుంది. తలుపులు తెరుచుకున్నాయి.

"ఒప్పందం అయింది తల్లీ. ఇప్పుడే, పావుగంట కిందట."

"గది?"

"గదితో సహా. తొట్టితో సహా."

గేనర్ స్టీరింగు మీద నుదురు ఆనించింది. ఏమయిందో తెలియని ప్రయాణికులు మెడలు సాచి చూశారు. వెనకనుంచి ఒక ముసలావిడ, "ఇల్లు కొనుక్కుందమ్మా ఆ పిల్ల! మార్చినుంచీ చెబుతూనే ఉందిగా!" అని పక్కావిడ చెవిలో అరిచింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకెవరో, "సంతోషం తల్లీ, ఇక బస్సు కదుపు, హాలిఫాక్స్ రైలు పోతుంది" అన్నారు.

"మీరు ఎక్కుతారా?" అని అడిగింది గేనర్ కళ్ళు తుడుచుకుంటూ.

"వద్దు" అంది మ్యూరియల్. "పైన పొయ్యిమీద నీళ్ళు మరుగుతున్నాయి."

గేనర్ హెలివెల్ జూన్ పదిహేడవ తేదీ శుక్రవారంనాడు పదకొండో నంబరులో ప్రవేశించింది. జులైలో నీటి తొట్టి మార్పించింది. మిసెస్ ఫర్త్ పరదాలను సముద్రతీరానికి తీసుకుపోయింది. లీడ్స్ సంస్థనుంచి ఆగస్టుదాకా సందేశాలు వస్తూనే ఉన్నాయి. వాటి ప్రకారం ఆమె పని తొమ్మిదో మెట్టు మీద ఉంది. డారెన్ మరుసటి ఏడు హడర్స్‌ఫీల్డ్‌లో కార్ల వ్యాపారంలో చేరాడు. మ్యూరియల్ క్రాబ్‌ట్రీ 2019లో పని విరమించింది; ఆమె గదిలో ఇప్పుడు జుట్టు కత్తిరించే దుకాణం ఉంది. వాల్టర్ సట్‌క్లిఫ్ 2021 ఫిబ్రవరిలో, ఎనభై నాలుగో ఏట, నిద్రలో పోయాడు. అతని మేనల్లుడు పదమూడో నంబరు అమ్మినప్పుడు, కొన్నవారి వకీలు సందు దస్తావేజు చదివి, అడగవలసిన ప్రశ్న ఒక్కటీ లేదని రాశాడు. గేనర్ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటుంది. ఇప్పటికీ బస్సు నడుపుతుంది. ఆదివారాలు పది దాటాక సాధన మొదలుపెడుతుంది.